అడవి పందుల నుంచి చేనును కాపాడుకోవడం: విత్తు నుంచి కోత దాకా ఏ పని ఎప్పుడు చేయాలి

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులు రాగానే ఫోన్లు మొదలవుతాయి. "పందులు పడ్డాయన్నా, రాత్రికి రాత్రే అరెకరం పోయింది, ఇప్పుడేం చేయాలె?" అని. అప్పటికి చేయగలిగేది చాలా తక్కువ. అసలు రుచే చూడనివ్వకుండా ఆపడం తేలిక. ఒకసారి రుచి మరిగిన మందను ఆపడం మాత్రం నరకం. అందుకే కింద చెప్పే పనుల్లో సగానికి పైగా విత్తనం వేయకముందో, వేసిన వారంలోపో అయిపోవాల్సినవే.

ఇది అడవి అంచు చెలకలకు, గుట్టల పక్క పొలాలకు, సర్కారు తుమ్మ కంప పెరిగిన చెరువు శిఖాల పక్కనున్న భూములకు రాసింది. మొక్కజొన్న, పల్లి (వేరుశనగ), వరి, చెరకు, చిలగడదుంప వేసేవాళ్ళకు ఎక్కువగా పనికొస్తుంది.

## 1. పైసా ఖర్చు పెట్టకముందు చట్టం సంగతి

అడవి పంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్‌లో ఉంది, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నా చేనులోకి వచ్చింది కాబట్టి నా ఇష్టం అంటే కుదరదు. చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు బిగించడం, బోను పెట్టడం, విషం కలపడం, పట్టుకోవడానికి ఎర వేయడం, చివరికి ఇవన్నీ ప్రయత్నించడం కూడా చట్టం లెక్కలో వేటే. అనుమతి లేకుండా చేస్తే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అభయారణ్యం లోపలైతే ఇంకా గట్టిగా ఉంటుంది.

యూట్యూబ్‌లో టెక్సాస్ వీడియోలు చూసి ఇనుప జాలీతో బోను కట్టిద్దామని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడి సంగతి వేరు. అవి ఒకప్పుడు బయటి నుంచి తెచ్చిన పెంపుడు పందుల సంతతి, అడవి పట్టి పెరిగిపోయినవి. టెక్సాస్‌లో 2019 నుంచి యజమాని ఒప్పుకుంటే ప్రైవేటు భూమిలో వాటిని వేటాడటానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. మన దగ్గర ఇది ఇక్కడి జంతువే, పైగా చట్టం రక్షణలో ఉన్నది. బోను విషయం 10వ భాగంలో చెప్తాను, అదీ అనుమతి ఉన్నప్పుడే.

అసలు ముట్టుకోకూడనివి:

- బైకు క్లచ్ వైర్లతో చేసే ఉరులు. వీటిలో పంది కన్నా ముందు ఊరి కుక్కో, లేగదూడో పడుతుంది. చిరుతలు, పులులు పడి చచ్చిన కేసులూ ఉన్నాయి.
- నాటుబాంబులు. నోట కరుచుకునేది పందే అని గ్యారంటీ ఏమీ లేదు, గడ్డి కోసేవాళ్ళ చేతులు పోతాయి.
- విషం కలిపిన గింజలు, పండ్లు.
- కరెంటు తీగ. దీనికి కింద వేరే భాగమే రాశాను.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణ కోసం చంపితే అది నేరం కాదని చట్టంలోనే ఉంది. కానీ చేనులో మాటు వేసి కొట్టి, ఆత్మరక్షణ అంటే ఎవరూ ఒప్పుకోరు.

## 2. లైన్ నుంచి కరెంటు తీసుకోవద్దు

మోటారు స్టార్టర్ నుంచి తీగ లాగి చేను చుట్టూ తిప్పడం ఎంత మామూలైపోయిందో చెప్పక్కర్లేదు. ప్రతి సీజన్‌లో ఈ తీగలకు మనుషులు పోతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది తెల్లారుజామున నీళ్ళు పెట్టడానికి పోయిన పక్క చేను రైతు, ఆ ఇంటి పిల్లాడు, లేదంటే తీగ కట్టినవాడే. పొద్దున్నే స్విచ్ తీయడం మర్చిపోయి గట్టు దిగుతాడు.

230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతుంది, పట్టుకున్న చెయ్యి వదలదు. సోలార్ కంచెలో వోల్టేజీ వేలల్లో ఉన్నా అది సెకనుకు ఒకసారి, సెకనులో ఎన్నో వంతు మాత్రమే కొట్టి ఆగిపోతుంది, అందుకే జంతువైనా మనిషైనా వెనక్కి దూకి బతుకుతారు. ఈ తేడా తెలియకే "రెండూ షాకే కదా" అంటుంటారు. మనిషి పోతే తీగ కట్టిన రైతు మీదే కేసు, దానికి తోడు విద్యుత్ చౌర్యం కేసు. మీ ఊర్లో ఎవరైనా కట్టినట్టు కనిపిస్తే మొహమాటపడకుండా లైన్‌మెన్‌కు చెప్పండి.

## 3. వస్తున్నది పందేనా, ఎటు నుంచి వస్తోంది

పొద్దున పూట, ఎండ ముదరకముందు, చేను చుట్టూ ఒక రౌండ్ నడవండి. తొందరపడి మధ్యలోకి పోవద్దు, అంచులే చూడండి.

పంది అడుగులో ముందు రెండు గిట్టలు దిగబడి, వాటి వెనక రెండు పక్కలా చిన్న గిట్టల గుర్తులు పడతాయి. మెత్తటి మట్టిలో ఇవి బాగా కనిపిస్తాయి. పల్లి చేనులో సాళ్ళ వెంటే మూతితో దున్నుకుంటూ పోతుంది, నాగలి తిప్పినట్టు మట్టి ఎగదోసి ఉంటుంది. మొక్కజొన్నలో కర్రను పడదోసి కంకి నమిలి పిప్పి ఊసేస్తుంది. పందికి బదులు ఏదుపంది అయితే దుంపలు, మొదళ్ళ మీద పళ్ళతో కోసినట్టు గాట్లుంటాయి, అక్కడక్కడా ముళ్ళు రాలి ఉంటాయి. కోతులైతే కంకిని పొట్టు ఒలిచి మరీ తింటాయి, కర్ర నిలబడే ఉంటుంది.

ఇక దారి. మంద ప్రతిరాత్రీ కొత్త దారి వెతకదు. కంపలో ఒక సందు ఉంటుంది, మోకాలి ఎత్తులో ఆకులకు రెండు వైపులా ఎండిన బురద పూసుకుని ఉంటుంది, ముళ్ళతీగ ఉంటే దాని కింది వరసకు బిరుసు వెంట్రుకలు రెండు మూడు చిక్కుకుని ఉంటాయి, చివర చీలిన వెంట్రుకలు. అదే వాటి గేటు. ఎకరాల చేనుకు కూడా ఇలాంటి సందులు నాలుగైదుకు మించవు. ప్రతి సందు దగ్గర గుడ్డ కట్టి గుర్తు పెట్టుకోండి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

ఒక మాట. ఊర్లో మేపేవాళ్ళు వదిలేసిన పెంపుడు పందులే చేను మీద పడుతుంటే ఆ గొడవ ఫారెస్ట్ వాళ్ళది కాదు, పంచాయతీది. ముందు అది తేల్చుకోండి.

## 4. ఏ పంటకు ఏ రోజుల్లో ప్రమాదం

సీజన్ అంతా కావలి కాయలేం. కాయక్కర్లేదు కూడా. ప్రమాదమంతా కొన్ని రోజుల్లోనే ఉంటుంది.

- మొక్కజొన్న: విత్తిన మొదటి పది రోజులు (గింజ తవ్వి తింటాయి), మళ్ళీ పీచు వచ్చినప్పటి నుంచి కంకి గట్టిపడేదాకా. మధ్యలో మోకాలెత్తు పైరు జోలికి పెద్దగా రావు.
- పల్లి: విత్తిన వారం, ఆ తర్వాత ఊడలు దిగి కాయ ఊరేటప్పటి నుంచి పీకేదాకా. పీకి కుప్ప వేశాక కూడా వస్తాయి, అది చాలామంది మర్చిపోతారు.
- వరి: పాలు పోసుకునే దశ నుంచి కోత దాకా. తినేదానికన్నా పొర్లి తొక్కేది ఎక్కువ.
- చెరకు: ఏడాదంతా. ఇది తిండి ఒక్కటే కాదు, పగలు దాక్కునే ఇల్లు కూడా. మీ మొక్కజొన్న పక్కన వేరేవాళ్ళ చెరకు తోట ఉంటే అడవి ఎంత దూరమున్నా లాభం లేదు.
- చిలగడదుంప, చామ, పసుపు: దుంప ఊరేటప్పుడు.

క్యాలెండర్‌లో విత్తిన తేదీ రాసి ఈ రోజుల్ని గీత గీసి పెట్టుకోండి. వాసన మందులు, శబ్దాలు, రాత్రి కావలి అన్నీ ఆ గీతల మధ్యే వాడాలి. ముందు నుంచీ వాడితే అసలు రోజులొచ్చేసరికి పందులు అలవాటు పడిపోతాయి.

ఇంకొకటి, వీలైతే చుట్టుపక్కల రైతులంతా ఒకే వారంలో విత్తండి. ఒక్కడి చేను ముందు కంకి వేస్తే చుట్టూ ఉన్న మందలన్నీ ఆ ఒక్క చేను మీదే పడతాయి. ఆలస్యంగా వేసినవాడికీ అదే గతి.

## 5. విత్తకముందు అంచు శుభ్రం

1. చేను చుట్టూ కనీసం రెండు మూడు మీటర్ల మేర కంప, గడ్డి కొట్టేయండి. పందికి చూపు మందం, ముక్కు, చెవులు చురుకు. ఖాళీ జాగా దాటడానికి జంకుతుంది, అంతేగాక రేపు కంచె వేస్తే గడ్డి తీగకు తగలకుండా ఉంటుంది.
2. గట్టు పక్కన బురద గుంటలుంటే పూడ్చండి. పొర్లడానికి వచ్చినవి తినకుండా పోవు.
3. రాలిన కంకులు, పోయిన సీజన్ కాయలు, కుళ్ళిన కూరగాయలు చేను దగ్గర పోయవద్దు.
4. బడ్జెట్ చూసుకుని ఏ రెండు పద్ధతులు కలిపి వాడతారో ఇప్పుడే నిర్ణయించుకోండి. ఒక్కటే పద్ధతి మీద ఆధారపడితే పని కాదు. నా లెక్కలో ఒక అడ్డు (కంచె), ఒక చిరాకు (వాసన లేదా శబ్దం) రెండూ ఉండాలి.

## 6. సరిహద్దు పంట

రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పక్షులు, జంతువుల బెడద మీద పనిచేసే విభాగం ఉంది. వాళ్ళు సిఫారసు చేసే పద్ధతుల్లో తక్కువ ఖర్చుది ఇదే. మొక్కజొన్న చుట్టూ ఆముదం దగ్గర దగ్గరగా నాలుగు వరసలు. ఆముదం ఆకు పంది తినదు, లోపలి పంట వాసనను కూడా కొంత కప్పేస్తుంది. పల్లి చుట్టూ అయితే కుసుమ, దాని ముళ్ళకు జంతువులు వెనక్కి తగ్గుతాయి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. ఆముదాన్ని, అసలు పంటను ఒకే రోజు విత్తుతారు. కంకి వచ్చేసరికి ఆముదం గుబురు కట్టదు, వరసల మధ్య సందులుంటాయి. కనీసం రెండు వారాలు ముందు వేయండి, మొలవని చోట మళ్ళీ గింజ పెట్టండి. మూడో భాగంలో గుర్తు పెట్టుకున్న సందుల దగ్గర వరసలు పెంచండి.

ఆముదం గింజ విషపూరితం. చిన్న పిల్లలు, మేకలు ఉన్నచోట ఆ జాగ్రత్త మీదే.

## 7. వాసన పద్ధతులు

పనిచేస్తాయా అంటే చేస్తాయి, కొన్ని రోజులు. వాన పడితే మళ్ళీ మొదటికి.

తాడు: గంధకం కలిపిన నూనెలో కొబ్బరి తాడు నానబెట్టి, కట్టెలు పాతి, నేల నుంచి అడుగు అడుగు ఎత్తున మూడు వరసలు కట్టాలి. పదిరోజులకొకసారి, వాన పడితే వెంటనే మళ్ళీ పూయాలి.

కోడిగుడ్ల ద్రావణం: కుళ్ళిన గుడ్ల ద్రావణం లీటరు నీటికి 20 మి.లీ. కలిపి చేను చుట్టూ, గట్టు మీద, అడుగు వెడల్పున నేల తడిసేలా కొట్టాలి. పంట మీద కాదు.

వెంట్రుకలు: మంగలి షాపు నుంచి తెచ్చి గట్టు వెంట పలచగా చల్లుతారు. నేల వాసన చూస్తూ వచ్చే పందికి ముక్కులో పోయి చిరాకు పుడుతుంది. ఎండిన నేల మీదే దీని పని, బురదలో కలిసిపోతే వృథా.

ఫోరేట్ గుళికలు ఇసుకలో కలిపి గుడ్డ మూటలు కట్టమని పాత కరపత్రాల్లో ఉంటుంది, ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. ఫోరేట్‌ను మన దేశంలో నిషేధించారు, 2020 డిసెంబర్ 31తో దాని అమ్మకం, వాడకం ఆగిపోవాలి. అది మనుషులకు తీవ్రమైన విషం. ఎవరి దగ్గరైనా పాత స్టాకు ఉన్నా తీసుకోవద్దు.

ఒకే వాసన పది పన్నెండు రోజులకు మించి వాడకండి. తాడు తర్వాత గుడ్లు, గుడ్ల తర్వాత వెంట్రుకలు, ఇలా మార్చాలి.

## 8. చీరల నుంచి జాలీ దాకా

పాత చీరలు: రోడ్డు మీద పోతుంటే ప్రతి ఊరి బయటా రంగురంగుల చీరలు కట్టిన చేలు కనిపిస్తాయి కదా, అందులో కాస్త పని ఉంది. లోపల ఏముందో పందికి కనిపించదు, గాలికి కదిలితే అనుమానం. కానీ చీర కింది అంచు నేలకు తగిలి ఉండాలి, లేదంటే కిందినుంచి దూరుతుంది. ఒక సీజన్‌కు సరిపోతుంది, అంతే.

ముళ్ళతీగ: మూడు వరసలు, అడుగు అడుగు దూరంలో, పంటకు అడుగు బయటగా. కింది వరస వదులుగా ఉంటే మొత్తం వృథా, ఎందుకంటే పంది మామూలుగా ఎగరదు, కిందికి తల పెట్టి ఎత్తుతుంది.

చెయిన్‌లింక్ జాలీ: డబ్బు పెట్టగలిగితే ఇది చాలా ఏళ్ళకు ఖాయం. మూడు నాలుగు అడుగుల ఎత్తు చాలు. ఎత్తు పెంచడానికి పెట్టే డబ్బు అడుగున పెట్టండి, అంటే జాలీని అడుగు లోతు పూడ్చండి, లేదా బయటికి మడిచి నేల మీద పరిచి ఇనుప కొక్కేలు కొట్టండి. కడీలు ఎనిమిది పది అడుగులకొకటి, మూలల దగ్గర ఊత కడీలు తప్పనిసరి.

పూర్తి చుట్టుకొలతకు డబ్బు లేకపోతే అడవి వైపు మాత్రమే వేసి మిగతా మూడు వైపులా వదిలేస్తారు. అది దండగ, పక్కనుంచి తిరిగి వస్తాయి. దానికన్నా నలుగురు రైతులు కలిసి నాలుగు చేలకూ ఒకటే కంచె వేసుకుంటే తలా ఖర్చు బాగా తగ్గుతుంది.

## 9. సోలార్ కంచె: సరిగ్గా వేస్తేనే

దీని మీదే ఎక్కువ ఫిర్యాదులు వస్తాయి, "వేయించాం, అయినా దూరుతున్నాయి" అని. నూటికి తొంభై కేసుల్లో తప్పు తీగలోకి షాకు పంపే మిషన్‌ది కాదు, కింది తీగ ఎత్తుది, ఎర్తింగ్‌ది.

తీగ లెక్క. మిషన్ కొనేటప్పుడు ఎకరాలు చెప్పకండి, తీగ మొత్తం పొడవు చెప్పండి. చదరంగా ఉన్న రెండెకరాల చేను చుట్టుకొలత దాదాపు 360 మీటర్లు. మూడు వరసలంటే 1,080 మీటర్లు. సన్నగా పొడుగ్గా ఉన్న చేనుకు అదే రెండెకరాలైనా ఇంకా ఎక్కువ అవుతుంది. మిషన్ మీద ఐఎస్ 302 (భాగం 2, సెక్షన్ 76) ప్రమాణం ఉందో లేదో చూడండి. లోకల్‌గా డబ్బాలో బిగించి ఇచ్చేవి, "కరెంటుకూ పెట్టుకోవచ్చు" అనేవి తీసుకోవద్దు.

ఎత్తులు. పంది ఒంటి మీద మందపాటి చర్మం, బిరుసు వెంట్రుకలు, అక్కడ షాకు సరిగ్గా తగలదు. తగలాల్సింది తడి ముక్కుకు. అందుకే:

- మొదటి తీగ నేల నుంచి 15 నుంచి 20 సెం.మీ.
- రెండోది 40 నుంచి 45 సెం.మీ.
- మూడోది 70 నుంచి 75 సెం.మీ.

పశువులు, మనుబోతులు కూడా వచ్చే చోటైతే పైన ఇంకో రెండు వేసుకోండి. చాలాచోట్ల మొదటి తీగే అడుగున్నర ఎత్తులో ఉంటుంది. పంది తల దూర్చాక తీగ భుజానికి తగులుతుంది, అప్పుడు అది వెనక్కి పోదు, బెదిరి ముందుకే దూకుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట గుంటలు పూడ్చండి, లేదా అక్కడ ఇంకో చిన్న కడీ పెట్టి తీగను నేల వెంట దించండి.

వేసే వరస:

1. నాలుగు మూలలా గట్టి కడీలు, ఊతలతో. తీగ బిగువంతా వీటి మీదే.
2. మధ్యలో ఐదారు మీటర్లకొకటి.
3. ఇన్సులేటర్లు (తీగ కడీకి తగలకుండా పెట్టేవి). పాత సైకిల్ ట్యూబు ముక్కలు, ప్లాస్టిక్ పైపు ముక్కలు పెట్టి సరిపుచ్చకండి, ఎండకు పగిలి వానలో లీకవుతాయి.
4. 2.5 మి.మీ. జీఐ (జింకు పూత పూసిన ఇనుప) తీగ, బిగువుగా. ముళ్ళతీగకు సోలార్ కరెంటు ఎప్పుడూ ఇవ్వకూడదు, మనిషో జంతువో చిక్కుకుంటే విడిపించుకోలేరు.
5. ఎర్తింగ్: ఆరడుగుల జీఐ రాడ్లు మూడు, మూడేసి మీటర్ల దూరంలో, తేమ ఉండే చోట. ఇంటి ఎర్తింగ్‌కు, మోటారు ఎర్తింగ్‌కు కనీసం పది మీటర్లు దూరం.
6. పసుపు హెచ్చరిక బోర్డులు, దారి ఉన్న ప్రతి వైపూ. పక్క రైతులకు, వాళ్ళ పిల్లలకు నోటితో కూడా చెప్పండి.
7. కంచె కట్టిన సాయంత్రమే ఆన్ చేయండి. కరెంటు లేని తీగను రెండు రాత్రులు నిమిరి చూసిన పంది దాన్ని ఇక లెక్కచేయదు.

ఎర్తింగ్ పరీక్ష. మిషన్ నుంచి కనీసం వంద మీటర్ల దూరంలో, కంచె పక్కన రెండు మూడు ఇనుప చువ్వలు నేలలో గుచ్చి తీగకు ఆనించండి, మిషన్ ఆఫ్ చేసి ఈ పని చేయాలి. తర్వాత ఆన్ చేసి ఫెన్స్ వోల్ట్‌మీటరుతో చూడండి, తీగ మీద వోల్టేజీ 2,000 కిందికి పడాలి. అప్పుడు ఎర్త్ రాడ్ మీద కొలిస్తే 300 వోల్టులు దాటకూడదు. దాటితే ఇంకో రాడ్ కొట్టండి.

మామూలు రోజుల్లో కంచె చివర 4,000 నుంచి 5,000 వోల్టులు తగ్గకుండా ఉండాలి. మీటరు లేకుండా సోలార్ కంచె వేయించుకోవద్దు. అది కొనకుండా గడ్డిపోచతో ముట్టి చూసుకుంటామనేవాళ్ళ కంచెలే ఎక్కువగా ఫెయిలవుతాయి.

రోజూ సాయంత్రం చెక్‌లిస్ట్:

- మీటరు రీడింగ్
- తీగ మీద పడ్డ కొమ్మలు, తగులుతున్న గడ్డి, పైరు ఆకులు
- వదులైన తీగ, పగిలిన ఇన్సులేటరు
- ప్యానెల్ మీద దుమ్ము, రెట్టలు
- వారానికోసారి బ్యాటరీ టెర్మినళ్ళు, నీళ్ళ మట్టం

యాసంగిలో నేల ఎండి బీటలు వారితే షాకు బలం పడిపోతుంది. ఎర్త్ రాడ్ల దగ్గర రోజూ ఒక బిందె నీళ్ళు పోయండి. అయినా చాలకపోతే మధ్య తీగను ఎర్త్‌కు కలిపే పద్ధతి ఉంది, బిగించినవాళ్ళనే పిలిచి చేయించండి.

## 10. అనుమతితో పట్టడం

కంచె, వాసన అన్నీ చేసినా నష్టం ఆగకపోతే, చట్టంలోని 11వ సెక్షన్ కింద పంటకు ప్రమాదంగా మారిన పందుల విషయంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. నోటిమాట అనుమతి చెల్లదు.

దరఖాస్తు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఇవ్వండి. దానితో పాటు సర్వే నంబర్లు, తేదీలున్న ఫోటోలు, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) అంచనా, పంచాయతీ తీర్మానం పెడితే మంచిది. ఒక్కరు ఇచ్చే కాగితం కన్నా పదిమంది రైతులు కలిసి ఇచ్చింది త్వరగా కదులుతుంది. ఉత్తర్వులో ఏ ప్రాంతం, ఎన్నాళ్ళు, ఎవరు, ఏ పద్ధతి అని ఉంటుంది, ఒక్క అక్షరం దాటకూడదు. పట్టడం, కాల్చడం అధికారం ఇచ్చినవాళ్ళ పని, రైతు పని కాదు. రైతు చేసేది జాగా చూపించడం, మందను గమనించడం.

ఉత్తర్వులో బోను ఉంటే, అటవీ సిబ్బంది చేతులమీదుగా ఇలా జరగాలి:

1. బోను గుండ్రంగా ఉండాలి. మూలలుంటే పందులు అక్కడ ఒకదానిమీద ఒకటి ఎక్కి దాటేస్తాయి. ఎత్తు ఐదడుగులు, కడీలు లోతుగా.
2. వాటి దారిలోనే పెట్టాలి, మీకు వీలున్న చోట కాదు.
3. మొదటి రాత్రుల్లో తలుపు తెరిచి కట్టేసి, నానిన మొక్కజొన్న ముందు బయట, తర్వాత తలుపు దగ్గర, ఆ తర్వాత లోపల వేయాలి. మనిషి వాసన తక్కువ తగలాలి, ఒకే మనిషి పోయి రావాలి.
4. కెమెరా పెట్టి మందలో ఎన్నున్నాయో లెక్కపెట్టాలి.
5. మంద మొత్తం లోపలికి వచ్చిన రాత్రే తలుపు పడాలి.

ఐదోదే అసలు కిటుకు. ఆత్రంగా రెండింటిని పడితే మిగతావి ఇక బోను వైపు చూడవు. ఆడపంది సుమారు 115 రోజులకే ఈనుతుంది, ఈతకు నాలుగైదు పిల్లలు, కాబట్టి వదిలిన రెండు ఆడవి ఏడాది తిరిగేసరికి మళ్ళీ మందే.

పడ్డాక దగ్గరికి పోవద్దు, కుక్కల్ని వదలొద్దు. చచ్చినా బతికినా అది ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకున్నారంటే అనుమతి ఉన్నా కేసే.

## 11. రాత్రి కావలి, శబ్దం, లైటు

కుక్క అరుపులు, పులి గాండ్రింపు రికార్డు చేసి మైకులో పెట్టడం, మెరిసే ఎల్ఈడీ లైట్లు, డప్పు, అన్నీ పనిచేస్తాయి, వారం. రోజూ జాగా మార్చండి, టైం మార్చండి, అప్పుడు ఇంకో వారం. ప్లాస్టిక్ పైపులో కార్బైడ్ పెట్టి పేల్చే గన్‌లు మాత్రం వద్దు, పేలలేదేమిటని గొట్టంలోకి తొంగిచూసినవాళ్ళ కళ్ళు పోయాయి.

మంచె మీద ఇద్దరుండాలి. బూట్లు, పెద్ద టార్చి, ఫోన్ ఛార్జింగ్. చేనులో అలికిడి అయితే పైనుంచే లైటు వేసి అరవండి, మొక్కజొన్నలోకి దూరి తరమకండి. పారిపోయే దారి ఇవ్వండి, ముఖ్యంగా పిల్లలున్న ఆడపందికి, గాయపడ్డ మగపందికి. కోరలు తొడకు తగిలితే రక్తం ఆగదు. గుడ్డతో గట్టిగా అదిమి పట్టి నేరుగా ఆసుపత్రికే పోవాలి, చిన్న గాయమైనా సబ్బుతో బాగా కడిగి టీటీ, రేబిస్ ఇంజెక్షన్ల గురించి డాక్టరును అడగాలి.

## 12. నష్టం జరిగితే అదే రోజు

- తొక్కిన పైరును సర్దవద్దు, దున్నవద్దు. లొకేషన్, తేదీ పడేలా ఫోటోలు, అడుగుల గుర్తులతో సహా.
- ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు, ఏఈఓకు ఫోన్, ఆ తర్వాత రాతలో దరఖాస్తు. రసీదు తీసుకోండి.
- పంచనామా జరిగేటప్పుడు మీరుండండి, విస్తీర్ణం గుంటల్లో సరిగ్గా రాశారో చూడండి.
- పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు వివరాలు జిరాక్సులు ముందే పెట్టుకోండి. కౌలు రైతులైతే భూమి యజమానితో ఒక కాగితం సీజన్ మొదట్లోనే రాయించుకోవాలి, నష్టం జరిగాక ఎవరూ సంతకం పెట్టరు.
- ఫసల్ బీమాలో అడవి జంతువుల నష్టాన్ని 2026 వానకాలం నుంచి చేర్చాలని కేంద్రం 2025 నవంబర్‌లో నిర్ణయించింది, 72 గంటల్లోపు యాప్‌లో ఫోటోలతో చెప్పాలి. మీ జిల్లాలో, మీ పంటకు వర్తిస్తుందో లేదో విత్తే ముందే ఏఈఓను అడగండి.

## 13. ఎక్కువగా వచ్చే సమస్యలు

"వారం బాగుంది, మళ్ళీ వస్తున్నాయి." అలవాటు పడ్డాయి. వాసన మార్చండి, శబ్దం జాగా మార్చండి.

"ఒకటే పెద్ద పంది వస్తోంది, దేనికీ బెదరదు." ఒంటరి మగది. దాని సందు దగ్గర తీగల మధ్య దూరం తగ్గించండి, అడుగున జాలీ ముక్క వేయండి. ఎదురుపడవద్దు.

"వాన పడ్డప్పుడల్లా సోలార్ వోల్టేజీ పడిపోతోంది." తడి గడ్డి తగులుతోంది, లేదా ఇన్సులేటరు పగిలింది. చీకట్లో నడిస్తే టిక్ టిక్ శబ్దం, నిప్పురవ్వ కనిపించే చోటే లీకు.

"వాగు దాటే దగ్గర కంచె ఎలా?" తీగను వాగు మీదుగా లాగి, కిందికి కరెంటు లేని గొలుసులు వేలాడదీయండి. వరదకు కొట్టుకుపోయినా మిగతా కంచె నిలబడుతుంది.

"చచ్చిన పంది దొరికింది." ముట్టుకోవద్దు, బీట్ ఆఫీసర్‌కు, పశువుల డాక్టరుకు చెప్పండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో దేశంలోకి వచ్చింది. మనుషులకు రాదు గానీ ఊర్లోని పెంపుడు పందుల్ని ఊడ్చేస్తుంది.

"కోత అయిపోయింది, కంచె తీసేయాలా?" చీరలు, తాళ్ళు తీసేయండి. సోలార్ కంచె మాత్రం యాసంగి పంట ఉంటే ఆపకండి. లేదంటే మిషన్, బ్యాటరీ ఇంటికి తెచ్చి నెలకోసారి ఛార్జింగ్ పెట్టండి, కింది తీగ విప్పి చుట్టేయండి, రాలిన కంకులు ఏరేశాకే చేను వదలండి.